మా ఇంటి రెండు టీవీల వెనక ఒకే నేవీ ఆఫీసర్: ఉద్వార్ హాజీ మ్యూజియం రివ్యూ

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే వర్జీనియాలో ఉండే మనవాళ్ల రూటు ఎలాగూ ఫిక్సయిపోయి ఉంటుంది. వైట్ హౌస్ గేటు ముందు ఒక ఫోటో, లింకన్ మెట్ల మీద ఒక ఫోటో, లాన్‌హామ్ గుడి, ఒక అవుట్‌లెట్ మాల్, ఓపికుంటే నయాగరా. ఉద్వార్ హాజీ సెంటర్ ఈ లిస్టులో ఉండదు, ఉన్నా "వాన పడిన రోజు చూద్దాంలే" అనే గడిలో ఉంటుంది. స్మిత్‌సోనియన్ వాళ్ల విమానాల మ్యూజియానికి ఇది రెండో బిల్డింగు, డల్లెస్ ఎయిర్‌పోర్టు పక్కన షాంటిలీలో, 2003 చివర్లో తెరిచారు. నేను ఇప్పటికి మూడుసార్లు వెళ్లాను, కానీ నిజంగా చూసింది మొన్న మూడోసారే, అందుకే ఈ రివ్యూ.

మొదటిసారి ఒక టూర్ కంపెనీ బస్సులో వెళ్లాం, పేరెందుకులెండి. "ఫుల్ మ్యూజియం విజిట్" అని డబ్బులు తీసుకుని నలభై నిమిషాలు ఇచ్చారు, అందులో పావుగంట బస్సు దిగి మనుషుల్ని లెక్కపెట్టుకోవడానికే పోయింది. ఎంట్రీ ఫ్రీగా ఉన్న చోటికి టికెట్టు కొనుక్కుని వెళ్లామని తర్వాత తెలిసింది, అదింకో కడుపుమంట. రెండోసారి పిల్లలతో వెళ్తే వాళ్లు సిమ్యులేటర్ దగ్గర్నుంచి కదల్లేదు. మూడోసారి నాన్నతో వెళ్లాను.

ముందు అవసరమైనవి చెప్పేస్తా. లోపలికి వెళ్లడానికి టికెట్టు లేదు, పార్కింగ్ మాత్రం కారుకి 15 డాలర్లు. సాయంత్రం 4 దాటితే అదీ ఉండదు గానీ 5:30కి మూసేస్తారు, గంటన్నరలో అంత పెద్ద షెడ్డు ఏం చూస్తారు, 15 డాలర్లు కట్టి పొద్దున్నే వెళ్లండి. తలుపు దాటగానే కింద నల్లగా ఎస్ఆర్-71 అనే గూఢచారి విమానం కనబడుతుంది, దాని వెనక ఇంకో హాల్లో డిస్కవరీ షటిల్, అంటే మనుషుల్ని అంతరిక్షంలోకి తీసుకెళ్లి తీసుకొచ్చిన నాసా నౌక. అందరూ ఎస్ఆర్-71 దగ్గర సెల్ఫీలు దిగుతూ అక్కడే ఆగిపోతారు. ఆగొద్దు. ఇన్ఫర్మేషన్ డెస్క్ దగ్గర ఆ రోజు గైడ్ టూర్ ఎన్నింటికో అడిగి దాంట్లో చేరండి. అది కూడా ఫ్రీనే, చెప్పేవాళ్లంతా వాలంటీర్లు, చాలామంది ఒకప్పుడు సైన్యంలోనో విమానాల్లోనో పనిచేసినవాళ్లు. నేను అయిదు స్టార్లు ఇచ్చేది మ్యూజియానికి కాదు, ఆ టూర్‌కి.

మా నాన్న గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆయన దూరదర్శన్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. 1985లో ప్రకాశం జిల్లాలో ఒక లో పవర్ ట్రాన్స్‌మిటర్‌లో చేరారు. ఒక గది, ఒక టవరు, పక్కన ఒక డిష్, అంతే స్టేషను. ఆ డిష్‌కి దూరదర్శన్ సిగ్నల్ పంపే మన శాటిలైట్ ఇన్‌శాట్-1బి భూమధ్యరేఖ మీద 74 డిగ్రీల తూర్పున ఉండేది, అంటే మన ఊళ్లకి దాదాపు నెత్తి మీదే, కాస్త దక్షిణానికి ఒరిగి. అందుకని డిష్ మొహం కూడా ఆకాశంలోకే ఉండేది. వాన పడి, కింది బెజ్జం ఆకులతో మూసుకుపోయిందంటే డిష్ కాస్తా తొట్టి అయిపోయేది. నాన్న లుంగీ ఎగ్గట్టి నిచ్చెనెక్కి చెంబుతో నీళ్లు తోడి పాత తువ్వాలుతో తుడిచేవారు, ఈలోపు ఊళ్లో జనం యాంటెన్నాలు తిప్పుకుంటూ ఆయన్ని తిట్టుకునేవారు. ఆ నీళ్ల కథ నేను కనీసం యాభైసార్లు విని ఉంటాను. ఆ శాటిలైట్‌ని పైకి తీసుకెళ్లిందెవరో మాత్రం మా ఇద్దరికీ ఎప్పుడూ తట్టలేదు.

ఆ రోజు మాకు దొరికిన గైడ్ నేవీలో చేసి రిటైరైన ఒక పెద్దాయన, డెబ్బై దాటే ఉంటాయి. డిస్కవరీ దగ్గర ఆగి "39 ప్రయాణాలు, మొత్తం కలిపితే అంతరిక్షంలో ఏడాది" అని చెప్తుంటే వెనకనుంచి నాన్న, ఎవరో మైకిచ్చినట్టు, "ఇన్‌శాట్ వన్ బీ, విచ్ షటిల్?" అన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దాయన మాత్రం ఆగి, నవ్వి, "అది ఇది కాదు, ఛాలెంజర్. కానీ ఆ ప్రయాణంలో ఉన్న అయిదుగురిలో ఒకాయన మరుసటేడు ఇదిగో దీంట్లో వెళ్లాడు, మా నేవీ వాడే" అన్నాడు. అక్కడ మొదలైంది.

ఆ నేవీ ఆయన పేరు డేల్ గార్డ్‌నర్. ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ ఫిజిక్స్ చదివి 1970లో నేవీలో చేరాడు. పైలట్ కాదు, వెనక సీట్లో రాడార్ చూసే ఫ్లైట్ ఆఫీసర్, ఎఫ్-14 విమానాలు కొత్తగా వచ్చినప్పుడు ఎంటర్‌ప్రైజ్ అనే విమానవాహక నౌక మీద నుంచి వాటిలో ఎగిరినవాడు. 1978లో నాసా ఒకేసారి 35 మందిని తీసుకున్నప్పుడు వాళ్లలో ఒకడు. ఇక మన కథ. 1983 ఆగస్టు 30న ఫ్లోరిడాలో అర్ధరాత్రి దాటాక 2:32కి, ఉరుములు మెరుపుల వల్ల 17 నిమిషాలు ఆలస్యంగా, ఛాలెంజర్ లేచింది. షటిల్ రాత్రిపూట లేవడం అదే మొదటిసారి. ఎందుకు రాత్రి? మన ఇన్‌శాట్-1బి కోసమే. దాన్ని సరైన చోట సరైన సమయానికి వదలాలంటే లెక్క ప్రకారం రాత్రే బయల్దేరాలి. ఇది విన్నాక నాన్న మొహం చూడాలి మీరు, పెళ్లిలో మన తరఫువాళ్ల కోసం ముహూర్తం మార్చారంటే ఎలా ఉంటుందో అలా.

మరుసటి రోజు శాటిలైట్‌ని వదిలారు, ఆ పని చూసినవాళ్లలో గార్డ్‌నర్, గయాన్ బ్లూఫోర్డ్ ఉన్నారు. బ్లూఫోర్డ్ అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్, చరిత్ర పుస్తకాల్లో ఆ ప్రయాణం ఆయన పేరు మీదే ఉంటుంది, ఉండాలి కూడా. అంతకు ముందేడు పంపిన ఇన్‌శాట్-1ఎ కొన్ని నెలలకే చేతికి దక్కకుండా పోయింది కాబట్టి 1బి మీద అందరి ప్రాణాలూ ఉన్నాయి. అదీ సోలార్ ప్యానెల్ సరిగ్గా విచ్చుకోక సెప్టెంబరు మధ్య దాకా మొరాయించి, మొత్తానికి దారికొచ్చింది. ఆ తర్వాతే మన చిన్న చిన్న ఊళ్లకి కూడా రిలే కేంద్రాలు వరసపెట్టి వచ్చాయి. నాన్న ఉద్యోగం కూడా అలా వచ్చిందే.

ఆ ప్రయాణానికి కమాండర్ రిచర్డ్ ట్రూలీ, ఆయనా నేవీనే. దిగి నెల తిరక్కముందే, అక్టోబరు 1న, కొత్తగా పెట్టిన నేవల్ స్పేస్ కమాండ్‌కి మొదటి అధిపతి అయ్యాడు. దాని ఆఫీసు డాల్‌గ్రెన్‌లో, ఈ మ్యూజియం నుంచి దక్షిణంగా గంటన్నర పైన డ్రైవు, పొటోమాక్ నది ఒడ్డున. మనం క్రాబ్స్ కోసం ఆ వైపు వెళ్తుంటాం కదా, ఆ దారే. కాకపోతే అది నేవీ బేసు, లోపలికి రానివ్వరు.

ఇక్కడ నాకు ఒక డౌటొచ్చింది, అందరికీ వచ్చేదే: సముద్రం వాళ్లకి ఆకాశంతో ఏం పని? అదే అడిగాను. పెద్దాయన ఈ ప్రశ్న కోసమే కాచుక్కూచున్నట్టు అందుకున్నాడు. సముద్రంలో మైలురాళ్లు ఉండవు. నీళ్ల కింద నెలల తరబడి తిరిగే సబ్‌మెరైన్ నుంచి మిసైల్ వదలాలంటే తనెక్కడుందో ముందు దానికి తెలియాలి. 1957లో రష్యావాళ్లు స్పుత్నిక్ వదిలితే మేరీలాండ్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు దాని బీప్ బీప్‌లు వింటూ ఒక సంగతి పట్టుకున్నారు. రైలు కూత దగ్గరికొచ్చేటప్పుడు ఒక శ్రుతిలో, దాటిపోయేటప్పుడు ఇంకో శ్రుతిలో వినిపిస్తుంది కదా, ఆ తేడా కొలిచి స్పుత్నిక్ ఏ దారిలో పోతుందో చెప్పేశారు. దాన్నే తిరగేస్తే? శాటిలైట్ దారి తెలిస్తే కింద మనమెక్కడున్నామో తెలుస్తుంది. అలా పుట్టిందే ట్రాన్సిట్, మొదటి శాటిలైట్ 1960 ఏప్రిల్‌లో పైకెళ్లింది, మన ఫోన్లో జీపీఎస్‌కి తాత. అదే ఏడాది జూన్‌లో నేవీ ల్యాబు వాళ్లు గ్రాబ్ అని ఒక బంతి లాంటిదాన్ని పంపారు, పైకి సూర్యుణ్ని చూడ్డానికని చెప్పి, లోపల రష్యా రాడార్ల సిగ్నళ్లు వింటూ. అమెరికా మొదటి గూఢచారి శాటిలైట్ అదే. దాని లెక్క మొదట వేసింది మంచు తుఫానులో ఇరుక్కుపోయిన ఒక ఇంజినీరు, పెన్సిల్వేనియాలో ఒక రెస్టారెంటులో, ప్లేటు కింద వేసే కాగితం వెనకాల. (మనవాళ్లు ఇడ్లీ కొట్టు దగ్గర చేతి మీద లెక్కలేస్తారు, అంతే తేడా.)

సరే, డిస్కవరీ దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు మజా ఇక్కడుంది.

1984 ఫిబ్రవరిలో వేరే షటిల్ ప్రయాణంలో రెండు శాటిలైట్లు వదిలారు, ఇండోనేషియా వాళ్ల పాలపా, అమెరికన్ కంపెనీది వెస్టార్-6. రెండింటికీ పైకి నెట్టే రాకెట్టు సరిగ్గా మండక మధ్యలో కింది కక్ష్యలోనే చిక్కుకుపోయాయి. ఇన్సూరెన్సు వాళ్లు డబ్బు కట్టేసి వాటికి ఓనర్లయ్యారు, "పట్టుకొచ్చి ఇవ్వండి" అన్నారు. నవంబరు 8న డిస్కవరీ వాటికోసం బయల్దేరింది, దానికది రెండో ప్రయాణం. అసలు ముందు రోజే వెళ్లాలి, పైగాలుల వల్ల ఒకరోజు ఆలస్యమైంది, అలా గార్డ్‌నర్‌కి తన 36వ పుట్టినరోజు నాడే పైకి వెళ్లడం కుదిరింది.

జెట్ బ్యాక్‌ప్యాక్ లాంటిది వీపుకి తగిలించుకుని, తాడు గీడు ఏమీ లేకుండా, మొదట గార్డ్‌నర్ తోటి వ్యోమగామి జో అలెన్ వెళ్లి పాలపాని పట్టుకున్నాడు. ఒక పొడవాటి కడ్డీని శాటిలైట్ వెనక ఉన్న రాకెట్ మూతిలో గుచ్చి లోపల గొడుగులా తెరిస్తే అది పట్టుకుంటుంది, తర్వాత బ్యాక్‌ప్యాక్ జెట్లతో దాని తిరుగుడు ఆపాలి. అంతా బాగానే జరిగింది గానీ దాన్ని షటిల్‌కి బిగించడానికి తెచ్చిన క్లాంపు పట్టలేదు. ఇంట్లో ఏసీ బిగించేటప్పుడు బ్రాకెట్ సరిపోక మెకానిక్ "సార్ కాస్త పట్టుకోండి" అంటాడే, అదే. అలెన్ అర టన్ను పైన ఉన్న ఆ డబ్బాని నెత్తి మీద చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, భూమి చుట్టూ ఒక చుట్టు పూర్తయ్యేదాకా, అంటే గంటన్నర, కింద గార్డ్‌నర్ బిగింపులు చేసుకుంటూ ఉన్నాడు. రెండు రోజుల తర్వాత వెస్టార్-6 వంతు, ఈసారి ఎగిరి వెళ్లి పట్టుకొచ్చింది గార్డ్‌నరే. పని అయిపోయాక ఇద్దరూ "ఫర్ సేల్" అని రాసిన బోర్డు పట్టుకుని ఫోటో దిగారు. పెద్దాయన ఫోన్లో ఆ ఫోటో చూపిస్తే నాన్న అద్దాలు నుదుటి మీదికి తోసి, ఫోన్ ముక్కుకి ఆనించుకుని చూసి, నా వైపు తిరిగి, "ఒరేయ్, ఇంతకీ కొన్నదెవరో అడుగు" అన్నారు.

అడిగాను. అదీ అసలు ట్విస్టు. ఆ వెస్టార్-6ని బాగుచేసి హాంకాంగ్ కంపెనీ ఒకటి కొనుక్కుని, 1990 ఏప్రిల్‌లో చైనా రాకెట్ మీద మళ్లీ పంపింది. కొత్త పేరు ఏషియాశాట్-1. నాన్నకి ఆ పేరు వినగానే వెలిగింది, నాకు ఒక క్షణం పట్టింది. 1991లో స్టార్ టీవీ వచ్చింది దాని మీదే. 1992 అక్టోబరులో జీ టీవీ మొదలైంది దాని మీదే. మా వీధిలో కేబుల్ వైరు కొబ్బరిచెట్టు మీంచి గోడ మీదికి, గోడ మీంచి మా కిటికీలోకి వచ్చింది ఆ శాటిలైట్ పుణ్యమే. ఆ వైరు రోజున దూరదర్శన్ ఉద్యోగి ఇంట్లో ఎంత రభస జరిగిందో మా అమ్మని అడగండి, నాన్న వారం రోజులు టీవీ గదిలోకే రాలేదు. అంటే మా ఇంటి మొదటి టీవీ సిగ్నల్ తెచ్చిన శాటిలైట్‌ని పైన వదిలిన ప్రయాణంలోనూ ఆయనే ఉన్నాడు, దానికి పోటీగా వచ్చిన శాటిలైట్‌ని చేత్తో పట్టి కిందికి దించిందీ ఆయనే. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత తెలుగులోనే పెద్దాయనతో "వీడేనా అయితే" అన్నారు. నేను అనువాదం చేయలేదు, ఆయనకి అర్థమైపోయినట్టే ఉంది.

షటిల్ దగ్గర్లోనే అలాంటి బ్యాక్‌ప్యాక్ ఒకటి వేలాడదీసి ఉంది, ఎమ్ఎమ్‌యూ అంటారు. వచ్చేవాళ్లు తల ఎత్తి ఒకసారి చూసి వెళ్లిపోతారు. రెండు చేతుల కుర్చీకి వీపు మాత్రమే మిగిలినట్టు ఉంటుంది, చేతులు ఆనించే చోట చివర్లో చిన్న పిడులు, వాటితోనే నడపాలి. 1984లో మూడంటే మూడు ప్రయాణాల్లో వాడి ఆపేశారు, 1986లో ఛాలెంజర్ పేలిపోయిన ప్రమాదం తర్వాత అంత రిస్కు ఎవరూ తీసుకోలేదు.

ఆ ప్రమాదమే గార్డ్‌నర్ దారినీ మార్చింది. 1986లో కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి లేచి ధ్రువాల మీదుగా తిరగాల్సిన ఒక మిలిటరీ ప్రయాణానికి ఆయన్ని అప్పటికే ఎంపిక చేశారు, వెళ్లాల్సింది కూడా ఈ డిస్కవరీనే. అది రద్దయింది. అక్టోబరులో నాసా వదిలి నేవీకి తిరిగొచ్చాడు, వాళ్లు కొలరాడోలో యూఎస్ స్పేస్ కమాండ్‌కి పంపారు. అక్కడ షయెన్ కొండని తొలిచి కట్టిన సొరంగం లోపల, స్పేస్ కంట్రోల్ విభాగంలో డిప్యూటీ చీఫ్. పనేమిటంటే పైన తిరుగుతున్న ప్రతి శాటిలైట్, ప్రతి రాకెట్ ముక్క ఎక్కడుందో లెక్క చూడటం. ఎవరిది ఎవరి మీదికి వస్తుంది, కొత్తగా ఏది లేచింది, ఏది పడిపోబోతుంది. నిన్నటిదాకా శాటిలైట్లని కావలించుకుని దించినవాడు ఇప్పుడు కొండ కింద తెర మీద చుక్కలు చూస్తున్నాడన్నమాట. నాకైతే ఈ భాగమే అన్నిటికన్నా నచ్చింది, సినిమా కథల్లో ఇది ఉండదు.

ఆ లెక్కలకి పెద్ద ఆధారం మళ్లీ నేవీ కట్టిందే, రేడియో కంచె. జార్జియా నుంచి కాలిఫోర్నియా దాకా, దాదాపు 33వ అక్షాంశం వెంబడి వరసగా స్టేషన్లు, మూడు పంపేవి, ఆరు వినేవి. విసనకర్ర లాగా ఆకాశంలోకి తరంగాలు నిలబెడతారు, పైనుంచి ఏది ఆ కంచె దాటినా ప్రతిధ్వని వస్తుంది, అది ఏ కోణంలో వచ్చిందో చూసి ఎక్కడుందో లెక్క కడతారు. పిలవని పేరంటంగా వచ్చే శాటిలైట్లని కూడా పట్టేస్తుంది, అదే దాని గొప్ప. 2004లో ఎయిర్‌ఫోర్స్‌కి అప్పగించారు, 2013లో ఆపేశారు. గార్డ్‌నర్ 1989లో కెప్టెన్ అయ్యి, 1990లో రిటైరయ్యాడు. తర్వాత కొలరాడోలోనే గాలి, సూర్యరశ్మి కరెంటు మీద పనిచేసే జాతీయ ల్యాబులో చేరాడు, అప్పుడు దాని డైరెక్టరు ఎవరనుకున్నారు, తన పాత కమాండర్ ట్రూలీనే. గార్డ్‌నర్ 2014 ఫిబ్రవరిలో పోయాడు, ట్రూలీ పదేళ్లకి, అదే ఫిబ్రవరిలో.

ఇంటికొచ్చాక తేదీలు చూసుకుంటే ఇంకోటి దొరికింది. మన ఇండియన్ నేవీ కోసం ప్రత్యేకంగా చేసిన మొదటి శాటిలైట్ జీశాట్-7, రుక్మిణి అంటారు, ఫ్రెంచ్ గయానా నుంచి వెళ్లింది 2013లో. మన టైము ప్రకారం ఏ రోజో తెలుసా, ఆగస్టు 30. ఇన్‌శాట్-1బి వెళ్లి సరిగ్గా ముప్పై ఏళ్లు. నాన్నకి చెప్తే "మంచి నక్షత్రం అయ్యుంటుంది" అన్నారు, సైన్సు మనిషి.

టూర్‌కి అయిదు ఇచ్చినా, మొత్తం మ్యూజియానికి రేటింగు అయిదుకి నాలుగున్నర. అర ఎందుకు తగ్గించానంటే షటిల్ లోపలికి వెళ్లనివ్వరు, సామాను పెట్టే ఆ పెద్ద తలుపులు మూసే ఉంటాయి, గార్డ్‌నర్ నిలబడ్డ చోటు ఊహించుకోవాల్సిందే. అంత పాత వస్తువుని జనం తొక్కితే మిగలదని నాకూ తెలుసు, అయినా మనసు ఒప్పుకోదు. అయిదేళ్లలోపు పిల్లలుంటే షటిల్ హాలు ముందు చూపించేయండి, తర్వాత వాళ్లు ఏడుస్తారు. పైన అబ్జర్వేషన్ టవర్ ఉంది, డల్లెస్‌లో దిగే విమానాలు కనబడతాయి, మా అమ్మ అక్కడే గంట కూర్చుంది, "మనం వచ్చిన విమానం ఏది" అని ప్రతి దానికీ అడుగుతూ. తిండి మేం ఇంటి నుంచే తీసుకెళ్లాం, పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి పులిహోర, పెరుగన్నం. పక్క కారు వాళ్లు కూడా తెలుగువాళ్లే, ఆవకాయ వాళ్లిచ్చారు.

లోపల నడక చాలా ఎక్కువ, పెద్దవాళ్లుంటే వీల్‌చెయిర్ అడిగి తీసుకోండి. నాన్న ఆ రోజు "నాకెందుకురా" అని వద్దన్నారు, రాత్రంతా మోకాళ్లకి కాపడం పెట్టించుకున్నారు. వచ్చే బుధవారం మళ్లీ వెళ్తున్నాం, ఆ పెద్దాయన ఉండే రోజు కనుక్కుని మరీ. డిష్‌లో నీళ్లు తోడిన కథ ఆయనకి ఇంగ్లీషులో చెప్పాలట, ఇప్పట్నుంచే నాతో ప్రాక్టీసు చేయిస్తున్నారు. వీల్‌చెయిర్‌కి మాత్రం ఈసారి ఒప్పుకున్నారు.